కొరియన్ చదవడం రాకపోయినా ఆ అక్షరాల అందం చూడటం ఎలా?

కొరియన్ సీరియళ్లు చూసేవాళ్ల ఇంట్లో ఆ దేశపు నూడుల్స్ ప్యాకెట్టో, క్రీమ్ డబ్బానో ఒకటి దొరక్కపోదు. దాంతోపాటు కాగితం, పెన్సిలు తెచ్చుకోండి. భాష రాకపోవడం ఒకందుకు మంచిదే. 'పాలు' అన్న బోర్డు చూస్తే మనకు పాలే గుర్తొస్తాయి, 'ల' వంపు కంటికి ఆనదు.

ముందు ఒక్కో అక్షరం చుట్టూ చదరం గీయండి. లోపల రెండు మూడు ముక్కలు ఉంటాయి. అడుగున ఉండే మూడో ముక్క మన ఒత్తులా కనిపిస్తుంది గానీ, పలకడం పొల్లులా. అది వచ్చి చేరితే పైవి జనరల్ బోగీలో జనంలా కుదించుకుని చోటిస్తాయి. ఇలాంటి కూర్పులు 11,172 సాధ్యం. అన్నీ ఒకే సైజు గదిలో ఇరుకనిపించకుండా పట్టాలి. ఫాంట్ గీసేవాళ్ల అసలు టెన్షన్ అదే.

ఇప్పుడు ఒకటి రాయండి. పైన చిన్న చదరం, దాని కింద అడ్డగీత, ఆ గీత మధ్య నుంచి కిందికి పొట్టి గీత, అడుగున ఇంగ్లిషు 'ఎల్'. ఇది 'మున్', అంటే తలుపు. కాగితం తలకిందులు చేయండి. 'గోమ్' అయింది, అంటే ఎలుగుబంటి!

ఆ 'ఎల్' ఆకారం ఊరికే రాలేదు. 'న్' అని అక్కడే ఆగండి. నాలుక కొన పైకి లేచి ఉంటుంది, వెనక భాగం కింద పరుచుకుని ఉంటుంది. పక్క నుంచి చూస్తే కనిపించే ఆ రూపాన్నే సెజోంగ్ రాజు 1443లో అక్షరం చేశాడు.

తరవాత సున్నా కోసం వెతకండి. పుస్తకాల్లో వాడే మ్యొంగ్జో ఫాంట్‌లో దాని నెత్తిన కుంచె ఆనించినట్టు చిన్న ముడి ఉంటుంది. బోర్డుల మీది గోతిక్‌లో ఉండదు. ముడి ఉన్నదే పాతదనుకుంటాం. కానీ 1446లో ఈ లిపిని వివరిస్తూ అచ్చువేసిన పుస్తకంలో గీతలన్నీ ఒకే మందం, సున్నా కంపాస్‌తో గీసినట్టు ఉంటుంది. కుంచె వంపులు తరవాత వచ్చాయి. నాకైతే ఆ మొదటి రూపమే ఇష్టం.

ఒక్క జాగ్రత్త. షిన్ రామ్యున్ నూడుల్స్ ప్యాకెట్ మీద పెద్దగా ఉండేది కొరియన్ అక్షరం కాదు, చైనా అక్షరం. 'కారం' అని అర్థం. దాన్ని ఎంత తిప్పినా ఎలుగుబంటి రాదు.