బిష్కెక్‌లో 'బార్' అని కనిపిస్తే

వైద్యవిద్య కోసం కిర్గిజ్‌స్తాన్‌కు వచ్చే మన విద్యార్థులు రాజధాని బిష్కెక్‌లో, కిర్గిజ్, రష్యన్ రెండింటికీ వాడే సిరిలిక్ లిపి అక్షరాలు కూడబలుక్కోవడం మొదలుపెట్టగానే ఎదురయ్యే చిన్న మాటల్లో 'బార్' ఒకటి. దాని చివరి అక్షరం చూపుకు ఇంగ్లిషు 'పి'లా ఉన్నా పలకవలసింది 'ర' అని ముందుగా గుర్తుంచుకోవాలి. ఇక్కడ కిర్గిజ్, రష్యన్ రెండూ అధికార వ్యవహారంలో ఉన్నందున, బోర్డు ఏ భాషలో ఉందో గమనించనిదే అర్థం తేలదు. రష్యన్‌లో బార్ అంటే మద్యం తాగే చోటు. కిర్గిజ్‌లో 'ఉంది' అని అర్థం. వేసవిలో రోడ్డు పక్కన 'కిమిజ్ బార్' అని రాసి ఉంటే అది పానశాల కాదు, పులిసిన గుర్రప్పాలు అక్కడ దొరుకుతాయని చెప్పడమే. ఆ పాలలోనూ కొద్దిపాటి మత్తు ఉంటుందన్నది వేరే సంగతి.

ఈ మాటను ఇంగ్లిషు మీదుగా కాక నేరుగా తెలుగులోంచి నేర్చుకోవడమే సులువని నా అభిప్రాయం. 'మెన్దె ఆక్చా బార్' అంటే, మాటల వరుస కూడా మారకుండా, 'నా దగ్గర డబ్బు ఉంది'. మనం 'ఉందా' అన్నట్టే వారు 'బార్‌బి' అంటారు. ఆ చివరి అచ్చు ఇకార ఉకారాల మధ్య పలుకుతుంది కనుక తెలుగు లిపికి పూర్తిగా లొంగదు. లేకపోతే 'జోక్' అంటారు, అంతేగాని కొట్టతను పరిహాసమాడుతున్నాడని అనుకోకూడదు.

చిక్కంతా ఇదే మాటకు 'వెళ్ళు' అన్న అర్థం కూడా ఉండటంలో ఉంది. అప్పుడు ముందున్న మాట విభక్తిని చూడాలి: 'బజార్‌దా బార్' అంటే బజారులో ఉంది, 'బజార్‌గా బార్' అంటే బజారుకు వెళ్ళు. 'బార్‌బా' అంటే వెళ్ళొద్దని అర్థం కాబట్టి, ప్రశ్న అడిగేటప్పుడు చివరి అచ్చును జాగ్రత్తగా పలకాలి.

పొరుగు దేశమైన కజఖ్‌స్తాన్‌లోని అల్మాటీ నగరానికి వెళ్ళినా కజఖ్‌లో ఈ రెండు అర్థాలూ ఉంటాయి, ప్రశ్న మాత్రం 'బార్ మా' అవుతుంది. కిర్గిజ్‌స్తాన్ దక్షిణాన ఉన్న ఓష్ నగరంలో చేరినవారికి ఉజ్బెక్‌వారి నోట ఇదే 'బోర్'గా వినిపిస్తుంది. మంగోలియన్‌లో బార్ అంటే పులి, సెర్బియన్‌లో 'కనీసం'. ఇవి మీ దైనందిన అవసరానికి దూరమైనవే.

బిష్కెక్ కొట్లలో మీరు కిర్గిజ్‌లో అడిగినా జవాబు తరచు రష్యన్‌లో రావచ్చు. అప్పుడు 'యెస్త్' అంటే ఉందని, 'న్యెత్' అంటే లేదని గ్రహించాలి.