స్నాప్‌షాట్ నుంచి లేపిన వీఎం బిగుసుకుపోతోందా? ఆ ఎఫ్‌డీ ఎవరి చేతిలో ఉందో ముందు చూడండి

రాత్రి పదకొండు దాటింది, గచ్చిబౌలిలో మా ఆఫీసు కింద చాయ్ బండి కూడా కట్టేశారు, అప్పుడు టీమ్‌లో కొత్తగా చేరిన తమ్ముడు ఫోన్ చేసి "అన్నా, స్నాప్‌షాట్ లోడ్ అయింది, వీఎం రన్నింగ్ అనే చూపిస్తోంది, కానీ పింగ్ పోవట్లేదు, కన్సోల్‌లో ఏం కొట్టినా పలకట్లేదు" అన్నాడు. వీఎం అంటే మెషీన్ లోపల నడిచే వర్చువల్ మెషీన్, స్నాప్‌షాట్ అంటే దాని మెమరీని ఫైల్‌లో దాచిన కాపీ. లాగ్‌లో ఒక్క ఎర్రర్ లేదు. మాకు దీంతో మూడు రాత్రులు పోయాయి, ఇంకొకరికి పోకూడదని ఏ వరసలో వెతకాలో రాసిపెడుతున్నా.

అసలు సంగతి ఏంటంటే, 2015లో లినక్స్ 4.3తో యూజర్‌ఫాల్ట్‌ఎఫ్‌డీ అనేది వచ్చింది, ఎఫ్‌డీ అంటే ఫైల్ డిస్క్రిప్టర్, తెరిచినదాన్ని వాడుకోడానికి కెర్నెల్ (లినక్స్ అసలు భాగం) ప్రాసెస్‌కి ఇచ్చే నంబర్. ప్రాసెస్ ఇంకా నింపని పేజీని (మెమరీలో ఒక ముక్కని) ముట్టుకుంటే కెర్నెల్ ఆ థ్రెడ్‌ని ఆపేసి, ఫలానా అడ్రస్‌లో పేజీ కావాలని ఈ ఎఫ్‌డీ మీద కబురు పెడుతుంది, చదివినవాళ్ళు పేజీ నింపాక థ్రెడ్ మళ్ళీ కదులుతుంది. నింపేది వేరే ప్రాసెస్ అయినా పర్లేదు, ఎందుకంటే ఎఫ్‌డీ తయారుచేసిన ప్రాసెస్ మెమరీకే అది కట్టుబడి ఉంటుంది, ఎవరి చేతికి వెళ్ళినా సరే. వీఎంలు నడిపే ఫైర్‌క్రాకర్ అనే ప్రోగ్రామ్‌లో ఇలాగే వీఎం ప్రాసెస్ దాన్ని యూనిక్స్ సాకెట్ మీద ఎస్‌సీఎం రైట్స్‌తో (ఎఫ్‌డీని ఇంకో ప్రాసెస్‌కి అందించే పద్ధతి) హ్యాండ్లర్‌కి, అంటే స్నాప్‌షాట్ ఫైల్ నుంచి పేజీలు నింపే ప్రాసెస్‌కి పంపుతుంది, గెస్ట్ (వీఎం లోపల నడిచే సిస్టమ్) మెమరీ ఎక్కడెక్కడ ఉందో చెప్పే జేసన్ కూడా దాంతోపాటే వెళ్తుంది. అంటే ఇంటి తాళంచెవి పక్కింటివాళ్ళకి ఇచ్చినట్టే, తీసుకున్నవాళ్ళు ఇంకా నింపని పేజీల్లో ఏం రాస్తే గెస్ట్‌కి అదే నిజం.

ఎఫ్‌డీ తయారీ దగ్గరే పర్మిషన్ లేదంటోంది

లినక్స్ 5.11 నుంచి మామూలు యూజర్‌కి దీన్ని డీఫాల్ట్‌గా ఆపేశారు, కెర్నెల్ మీద దాడులు చేసేవాళ్ళు దీన్ని బాగా వాడుకున్నారు కాబట్టి. చాలామంది వెంటనే దీన్ని ఆపే సిస్‌కంట్రోల్ (కెర్నెల్ సెట్టింగ్) విలువ 1 చేసేస్తారు, దయచేసి అలా చెయ్యకండి, మెషీన్ మీద ఉన్న అందరికీ తలుపు తీసినట్టు అవుతుంది. ఇంకొందరు యూజర్ మోడ్ ఓన్లీ ఫ్లాగ్ పెడతారు, ఎఫ్‌డీ వస్తుంది గానీ కేవీఎం (వీఎంలని నడిపే కెర్నెల్ భాగం) గెస్ట్ పేజీలని కెర్నెల్ లోపల నుంచే అడుగుతుంది కదా, అక్కడ వీఎం రన్ కాల్ ఈఫాల్ట్ అనే ఎర్రర్‌తో పడిపోతుంది. 6.1 నుంచి డివ్ ఫోల్డర్‌లో యూజర్‌ఫాల్ట్‌ఎఫ్‌డీ అనే డివైస్ ఫైల్ ఉంది, వీఎంలు నడిపే గ్రూప్‌కి మాత్రమే దాని మీద పర్మిషన్ ఇస్తే సరిపోతుంది.

సాకెట్ మీద మెసేజ్ వచ్చింది, ఎఫ్‌డీ రాలేదు

మామూలు రీడ్‌తో చదివి ఉంటారు, అలా చదివితే ఎఫ్‌డీ గాల్లో కలిసిపోతుంది. రెక్వ్‌మెసేజ్ అనే కాల్ వాడాలి, ఎఫ్‌డీ వచ్చే కంట్రోల్ బఫర్ చాలినంత పెట్టాలి, వచ్చిన ఫ్లాగ్స్‌లో కంట్రోల్ ట్రంకేట్ బిట్ (బఫర్ చాలక తెగిపోయిందనే గుర్తు) ఉందేమో చూడాలి, క్లోజ్ ఆన్ ఎగ్జెక్ కూడా పెట్టండి, లేకపోతే హ్యాండ్లర్ లాంచ్ చేసే ప్రతి ప్రోగ్రామ్‌కీ ఈ తాళంచెవి పోతుంది. పంపేవైపు కనీసం ఒక్క బైట్ అయినా మామూలు డేటా ఉండాలి.

వీఎం బిగుసుకుపోయింది

తమ్ముడికి వచ్చింది ఇదే. వీఎం ప్రాసెస్ పిడ్ (ప్రాసెస్ నంబర్) పట్టుకుని ప్రాక్ ఫోల్డర్‌లో దాని థ్రెడ్ స్టాక్ చూడండి, హ్యాండిల్ యూజర్‌ఫాల్ట్ అనే పేరు కనిపిస్తే పేజీ కోసం ఆగి ఉన్నట్టే. తర్వాత అదే ప్రాసెస్ ఎఫ్‌డీఇన్ఫోలో పెండింగ్, టోటల్ అని రెండు లెక్కలు ఉంటాయి, చాలామంది వీటిని చూడనే చూడరు. పెండింగ్ సున్నా కాకుండా అలాగే ఉండిపోతే ఎవరూ చదవట్లేదు, హ్యాండ్లర్ చచ్చిపోయిందో నిద్రపోతోందో. పెండింగ్ సున్నా అయి టోటల్ మాత్రం మిగిలితే హ్యాండ్లర్ చదివింది గానీ పేజీ నింపలేకపోయింది. ఆ రాత్రి మాకు పెండింగ్ 0, టోటల్ 2, రెండు వీసీపీయూలూ (వీఎం ప్రాసెసర్లు) ఆగి ఉన్నాయి.

కారణం, గెస్ట్‌కి 2 ఎంబీ హ్యూజ్ పేజీలు ఇచ్చాం, హ్యాండ్లర్ మాత్రం 4096 బైట్ల చొప్పున కాపీ చేస్తోంది, కెర్నెల్ ఈఇన్‌వాల్ అనే ఎర్రర్ ఇస్తోంది, మా కోడ్ దాన్ని మింగేస్తోంది. జేసన్‌లో వచ్చే పేజీ సైజే వాడి, అడ్రస్‌ని దానికి అలైన్ చేస్తే లేచి కూర్చుంది. ఈఎగ్జిస్ట్ వస్తే కంగారు పడకండి, ఇంకో థ్రెడ్ అదే పేజీ ముందే నింపేసింది అంతే. ఈఎగైన్ వస్తే మాత్రం బెలూన్ (గెస్ట్ నుంచి మెమరీ వెనక్కి తీసుకునేది) లాంటిది పేజీలు తీసేసే ఈవెంట్ క్యూలో ఉందన్నమాట, ముందు అది చదివి మళ్ళీ కాపీ చెయ్యాలి, అలా తీసేసిన పేజీని తర్వాత గెస్ట్ అడిగితే పాత ఫైల్ నుంచి కాదు, సున్నాలతో ఇవ్వాలి.

వీఎం నడుస్తోంది, డేటా మాత్రం పాడైంది

అన్నిటికంటే భయపెట్టేది ఇదే. మేం రాసుకున్న చిన్న వీఎంఎంలో (వీఎంని నడిపే ప్రోగ్రామ్) ఎఫ్‌డీ పంపేశాక మా కాపీ క్లోజ్ చేసేసేవాళ్ళం, పని అయిపోయింది కదా అని. ఒకరోజు హ్యాండ్లర్ క్రాష్ అయింది, ఎఫ్‌డీకి ఉన్న చివరి కాపీ దానితో పోయింది, కెర్నెల్ రిజిస్ట్రేషన్ తీసేసి ఆగిన థ్రెడ్లని లేపేసింది, ఆ తర్వాత గెస్ట్ ముట్టుకున్న ప్రతి కొత్త పేజీ సున్నాలతో వచ్చింది. గెస్ట్‌లో ప్రోగ్రామ్‌లు ఎక్కడ పడితే అక్కడ సెగ్‌ఫాల్ట్, హెక్స్ డంప్ తీస్తే సరిగ్గా 4096 హద్దు దగ్గర మొదలై వరసగా సున్నాలే సున్నాలు. బిగుసుకుపోయిన వీఎంని చంపి మళ్ళీ లేపొచ్చు, ఇలా పాడైన మెమరీతో డిస్క్ మీద రాసేస్తే ఏం చేస్తాం?

అందుకే వీఎం ప్రాసెస్ తన కాపీని చివరిదాకా ఉంచుకోవాలి, హ్యాండ్లర్ పోతే వీఎం ఆగాలి తప్ప సున్నాలు తాగకూడదు. సాకెట్ హ్యాంగప్ చూసి హ్యాండ్లర్ పోయిన వెంటనే వీఎంని చంపే కోడ్ పెట్టండి. ఒక వీఎంకి ఒక హ్యాండ్లర్ అయితే ఒకటి పడినా మిగతావి బతుకుతాయి.

తాళంచెవి సరైన చేతికే పోతోందా

అబ్‌స్ట్రాక్ట్ సాకెట్ వద్దు, దానికి ఫైల్ పర్మిషన్లు ఉండవు. 0700 (ఓనర్‌కి మాత్రమే పర్మిషన్) ఉన్న ఫోల్డర్‌లో పాత్ సాకెట్ పెట్టి, పంపే ముందు ఎస్‌ఓ పీర్‌క్రెడ్‌తో అవతలివాళ్ళ యూఐడీ (యూజర్ నంబర్), పిడ్ చూడండి. ఒక మెలిక ఉంది, లాంచర్ ముందే సాకెట్‌పెయిర్ తీసి ఫోర్క్ చేసి ఉంటే అక్కడ కనిపించేది లాంచర్ పిడ్, ఫోర్క్‌తో పుట్టిన ప్రాసెస్‌ది కాదు. హ్యాండ్లర్ కూడా గుడ్డిగా నమ్మకూడదు, గెస్ట్ నుంచి బయటపడ్డ దొంగ చేతిలో వీఎం ప్రాసెస్ ఉంటే జేసన్‌లో ఆఫ్‌సెట్ ఏదైనా రాసి పంపగలదు, కాబట్టి ఆఫ్‌సెట్ ప్లస్ సైజ్ స్నాప్‌షాట్ ఫైల్ దాటట్లేదని చూసుకున్నాకే మొదటి పేజీ నింపండి.