లంచం అడిగితే ఏసీబీకి ఫిర్యాదు ఎలా? డబ్బు ఇవ్వకముందే చదవండి

తెలంగాణలో అవినీతి నిరోధక శాఖ (ఏసీబీ) టోల్‌ఫ్రీ నంబరు 1064. ఫోన్ చేయవచ్చు, నేరుగా ఆఫీసుకూ వెళ్లవచ్చు. తెల్లకాగితం మీద తెలుగులో రాసి సంతకం పెడితే చాలు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. "ఏసీబీలో మనవాళ్లున్నారు, నేను చూసుకుంటా" అనే దళారికి ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.

చాలామంది చిక్కుల్లో పడేది ఎక్కడంటే, డబ్బు ఇచ్చేసి, నెలలు గడిచినా పని కాకపోతే అప్పుడు ఫిర్యాదుకు వస్తారు. 2018లో అవినీతి నిరోధక చట్టాన్ని సవరించాక లంచం ఇవ్వడమూ నేరమే. బలవంతం మీద ఇచ్చినవాళ్లకు మినహాయింపు ఉంది గానీ, ఇచ్చిన 7 రోజుల్లోగా పోలీసులకో ఏసీబీకో చెప్పాలి. అందుకే ఇవ్వకముందే వెళ్లండి. ముందుగా సమాచారమిచ్చి, వాళ్లు చెప్పినట్టు డబ్బు అందిస్తే మీ మీద కేసు ఉండదు. ఇది చట్టంలోనే రాసి ఉంది, భయపడకండి.

"ఆ ఆఫీసులో అందరూ తింటారు" అని రాస్తే లాభం లేదు. అడిగింది ఎవరు, ఆయన హోదా ఏంటి, ఏ పనికి, ఎంత, ఏ రోజు, ఎక్కడ అన్నీ రాయండి. లంచం ఇవ్వడం మీకు ఇష్టం లేదన్న మాట తప్పకుండా ఉండాలి. పని ఇంకా పెండింగులో ఉందని చూపే మీసేవ రసీదో దరఖాస్తు కాపీయో జతచేయండి. కాల్ రికార్డింగు ఉంటే కత్తిరించకుండా అదే ఫోన్లో ఉంచండి.

ఇంత వివరం ఎందుకంటే, అధికారి దగ్గర నోట్లు దొరికినంత మాత్రాన కోర్టులో నేరం నిలవదు. ఆయన అడిగినట్టు రుజువు కావాలి. ట్రాప్ రోజున, అంటే లంచం తీసుకుంటుండగా పట్టుకునే రోజున, ఏసీబీవాళ్లు నోట్ల నంబర్లు రాసుకుని, ఫినాల్ఫ్తలీన్ పొడి పూసి మీకిస్తారు. ఆ నోట్లు ముట్టుకున్న చేతుల్ని సోడియం కార్బొనేట్ ద్రావణంలో ముంచితే అది గులాబీ రంగులోకి మారుతుంది. తొందరపడి మీరే చేతిలో పెట్టకండి. ఆయన నోరు తెరిచి అడిగాకే ఇవ్వండి.

తర్వాత కోర్టులో సాక్ష్యం చెప్పాలి. రాజీకి రమ్మని ఒత్తిడి వస్తే టెన్షన్ పడకుండా దర్యాప్తు అధికారికి వెంటనే చెప్పండి. ఫిర్యాదుదారు మాట మార్చినా, మిగతా సాక్ష్యాలతో నేరం రుజువు చేయవచ్చని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది.