ఉత్ప్రేరకం తయారీ, 4వ పాఠం: యూరియా ఎంత వేయాలి?

పోయిన పాఠంలో లవణాల్ని అవక్షేపంగా దించాం. కడగడానికే ఒక పూట పట్టింది. ఈసారి కడగడం లేదు, మంట పెట్టడమే. కార్బన్ మోనాక్సైడ్‌కు ఆక్సిజన్ అందించే రాగి-మాంగనీస్ ఆక్సైడ్ ఉత్ప్రేరకాన్ని ఇలా చేద్దాం. ఈ పద్ధతి పుట్టింది మన బెంగళూరు ఐఐఎస్‌సీ (భారతీయ విజ్ఞాన సంస్థ)లోనే. కె.సి. పాటిల్ బృందం అల్యూమినియం నైట్రేట్, యూరియా కలిపి 500 డిగ్రీల కొలిమిలో పెడితే ఐదు నిమిషాల్లోపే అల్యూమినా తయారైంది. ఆ పేపరు 1988లో వచ్చింది.

సూత్రం చిచ్చుబుడ్డిదే. నైట్రేట్ ఆక్సిజన్ ఇస్తుంది, యూరియా మండుతుంది. ఎంతకు ఎంత అన్నదే అసలు పని.

కార్బన్‌కు +4, హైడ్రోజన్‌కు +1, ఆక్సిజన్‌కు −2, నైట్రోజన్‌కు 0, లోహానికి దాని వేలెన్సీ వేసుకోండి. యూరియాకు 4−2+4, అంటే +6. కాపర్ నైట్రేట్‌కు 2−12, అంటే −10. మాంగనీస్ నైట్రేట్‌కూ అంతే. మనకు కావలసిన స్పినెల్‌లో (రాగి, మాంగనీస్ కలిసిన ఒకే స్ఫటిక ఆక్సైడ్) ఒక కాపర్‌కు రెండు మాంగనీస్‌లు, కాబట్టి నైట్రేట్ల మొత్తం −30. యూరియా +లు దీన్ని సరిగ్గా సున్నా చేయాలి. 30ని 6తో భాగిస్తే 5 మోల్‌ల యూరియా. 0.01 మోల్ స్పినెల్‌కు కాపర్ నైట్రేట్ (మూడు నీటి అణువులతో) 2.42 గ్రాములు, మాంగనీస్ నైట్రేట్ (నాలుగు నీటి అణువులతో) 5.02, యూరియా 3.00.

ఫ్యూమ్ హుడ్‌లోనే చేయాలి, ఇంట్లో వద్దు. గోధుమరంగు పొగ నైట్రోజన్ ఆక్సైడ్‌లది, విషం. ద్రావణం మరిగి, జిగురుగా మారి, పాలలా పొంగి, అంటుకుంటుంది. చివరికి నల్లటి గుల్ల పొడి మిగులుతుంది.

నాకు మొదటిసారి చెడింది కొలిమి దగ్గర కాదు, త్రాసు దగ్గర. ఆగస్టు వానల్లో మాంగనీస్ నైట్రేట్ సీసా మూత వదులుగా ఉండిపోయింది. ఆ లవణం తేమ తాగేస్తుంది. నేను తూచిన దాంట్లో కొంత నీరే. మాంగనీస్ తగ్గేసరికి మిగిలిపోయిన రాగి విడి ఆక్సైడ్‌గా బయటపడింది. ఎక్స్‌ఆర్‌డీలో (ఎక్స్‌రేలతో స్ఫటికాన్ని గుర్తించే పరీక్ష) 38.7 డిగ్రీల దగ్గర కాపర్ ఆక్సైడ్ పీక్ చూడగానే అర్థమైంది, స్పినెల్‌కు అక్కడ పీక్ ఉండదు.

ఇంత పట్టింపు ఎందుకంటే, కార్బన్ మోనాక్సైడ్‌కు ఆక్సైడ్ తన సొంత జాలకంలోని (స్ఫటికంలో అణువుల అమరిక) ఆక్సిజన్‌నే ఇస్తుంది. ఆ ఖాళీని తర్వాత గాలి పూడుస్తుంది. మార్స్, వాన్ క్రెవెలెన్ అనే శాస్త్రవేత్తలు 1954లో చెప్పింది ఇదే. రాగి, మాంగనీస్ పక్కపక్కన ఉంటేనే ఈ ఇచ్చిపుచ్చుకోవడం సులువు.

అభ్యాసం: యూరియా బదులు గ్లైసిన్ (రెండు కార్బన్లు, ఐదు హైడ్రోజన్లు, ఒక నైట్రోజన్, రెండు ఆక్సిజన్లు) వాడితే ఎన్ని గ్రాములు కావాలి? 2.50 రాకపోతే నైట్రోజన్‌కు సున్నా వేశారో లేదో చూసుకోండి.