క్రిటాలో బ్రష్ మొరాయిస్తోందా? ఒక్కదానికేనా, అన్నిటికీనా ముందు చూడండి

కంప్యూటర్‌లో బొమ్మలేసే క్రిటా అనే సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ళు ఎక్కువగా అనే మాట ఒకటుంది, నిన్నటిదాకా బాగానే ఉన్న బ్రష్ ఇవాళ పాడైపోయింది అని. వెంటనే సాఫ్ట్‌వేర్ మొత్తం పీకేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చేస్తారు, అయినా ఏం మారదు, ఎందుకంటే మామూలు ఇన్‌స్టాలర్‌తో పెట్టుకున్న క్రిటాలో మన బ్రష్‌లు సెట్టింగ్‌లు వేరే ఫోల్డర్‌లో ఉంటాయి, అన్‌ఇన్‌స్టాల్ చేసినా అవి అలాగే ఉండిపోతాయి. అసలు బ్రష్ పాడవడం చాలా అరుదండీ. ఎక్కడో ఒక బటన్ నొక్కుడుపడి ఉంటుంది, అంతే. అందుకే ముందు ఇంకో బ్రష్ తీసుకుని గీసి చూడండి. తేడా ఒక్క బ్రష్‌కే ఉంటే ఆ ప్రీసెట్‌లో, అంటే సెట్టింగ్‌లతో సహా దాచిపెట్టిన ఆ బ్రష్‌లో వెతకాలి, అన్నిటికీ ఉంటే లేయర్‌లోనో (బొమ్మలో ఒకదానిమీద ఒకటి పరిచిన పొర) పెన్నుతో గీసే డ్రాయింగ్ టాబ్లెట్‌లోనో వెతకాలి. ఇది తేలితే సగం పని అయిపోయినట్టే.

నేను చెప్పేదంతా 5.0 నుంచి ఉన్న వెర్షన్లకి. 2021 డిసెంబర్‌లో వచ్చిన ఆ వెర్షన్‌లో బ్రష్‌లని దాచుకునే పద్ధతే మారిపోయింది, పాత వీడియోలు చూసి ఫాలో అయితే మెనూలు కూడా కలవవు.

ఏ బ్రష్‌తో గీసినా ఏమీ పడట్లేదు

ముందు ఇ (E) కీ ఒకసారి నొక్కండి. అది ఎరేజర్ మోడ్, పొరపాటున చెయ్యి తగిలితే ప్రతి బ్రష్ చెరిపేయడం మొదలెడుతుంది, ఖాళీ లేయర్ మీద చెరిపితే కంటికేం కనపడదు కదా, మనకి బ్రష్ చచ్చిపోయినట్టే ఉంటుంది. అది కాకపోతే ఇ మళ్ళీ నొక్కి మామూలుగా పెట్టేయండి, ఎక్కడో మూల చిన్న సెలక్షన్ (గీత పడే చోటుని కట్టేసే ఎంపిక) మిగిలిపోయి ఉంటుంది, కంట్రోల్ షిఫ్ట్ ఎ (A) కొడితే పోతుంది. ఆ తర్వాత లేయర్ లాక్ అయిందా, ఆల్ఫా లాక్ (ఖాళీ చోట రంగు పడనివ్వనిది) ఆన్‌లో ఉందా, బ్రష్ పనిచేయని వెక్టర్ లేయర్ మీద ఉన్నారా, పైన ఒపాసిటీ (రంగు గాఢత) సున్నా దగ్గరికి జారిందా చూసుకోండి.

రంగు పడట్లేదు, ఉన్న రంగునే రుద్దుతోంది

ఇది సమస్య కాదు, మీరు తీసుకున్నది కలర్ స్మడ్జ్ ఇంజిన్ మీద చేసిన బ్రష్. దాని పనే కలపడం. ఎఫ్5 నొక్కి బ్రష్ ఎడిటర్ తెరిచి కలర్ రేట్ పెంచితే రంగు కూడా వేస్తుంది. కొత్త లేయర్ మీద అస్సలు కదలట్లేదు అంటే అక్కడ కలపడానికి రంగే లేదు, ఓవర్‌లే ఆన్ చేస్తే కింది లేయర్ల రంగు కూడా తీసుకుంటుంది.

గీత మందం మారట్లేదు

బాపు గీతలాంటిది వేద్దామని కూర్చుంటాం, సన్నగా మొదలై మధ్యలో నిండుగా అయ్యి చివర మళ్ళీ సన్నబడాలి, కానీ మొదట్నుంచి చివరిదాకా ఒకే మందం వస్తుంది. ఒక్క బ్రష్‌కే ఇలా ఉంటే ఎడిటర్‌లో సైజ్ దగ్గర ప్రెషర్ టిక్ లేదన్నమాట, టిక్ పెట్టి కర్వ్ (ఎంత ఒత్తితే ఎంత మందమో చెప్పే వంపు గీత) సర్దుకోండి. అన్నిటికీ ఇలాగే ఉంటే కాన్ఫిగర్ క్రిటాలో టాబ్లెట్ సెట్టింగ్స్‌కి వెళ్ళి టాబ్లెట్ టెస్టర్ తెరిచి గీయండి, అక్కడ ప్రెషర్ అంకె మారకపోతే తప్పు బ్రష్‌ది కాదు. విండోస్‌లో అయితే అదే పేజీలో పెన్ను ఒత్తిడిని అందుకునే పద్ధతులు విన్‌ట్యాబ్, విండోస్ ఇంక్ అని రెండుంటాయి, ఉన్నదాన్ని రెండోదానికి మార్చి క్రిటా మూసి తెరవండి. అప్పటికీ రాకపోతే టాబ్లెట్ డ్రైవర్ మళ్ళీ వేసుకోవాలి, అంతకుముందు పాత డ్రైవర్ పూర్తిగా తీసేయండి, రెండు కంపెనీల డ్రైవర్లు ఒకే కంప్యూటర్‌లో ఉంటే గొడవ పడే అవకాశం చాలా ఎక్కువ.

ఇంకో సంగతి, ప్రెషర్ వస్తోంది కానీ గట్టిగా అదిమితే తప్ప గీత లావవ్వట్లేదు అంటే బ్రష్‌లన్నీ ఒక్కొక్కటీ మార్చుకుంటూ కూర్చోవద్దు, అదే పేజీలో ఉన్న ఇన్‌పుట్ ప్రెషర్ కర్వ్‌ని మీ చేతికి తగ్గట్టు పెట్టుకోండి, అన్నిటికీ వర్తిస్తుంది, మణికట్టుకి శ్రమ కూడా తగ్గొచ్చు.

గీత పూసల దండలా చుక్కలుచుక్కలుగా వస్తోంది

స్పేసింగ్, అంటే బ్రష్ వేసే ముద్రల మధ్య దూరం, ఎక్కువైంది. బ్రష్ టిప్ పేజీలో దాన్ని 0.1 దగ్గరికి తెండి, లేదా ఆటో టిక్ పెట్టండి. మరీ తగ్గించేస్తే మాత్రం పెద్ద బ్రష్ గీత చెయ్యి వెనకాల ఈడ్చుకుంటూ వస్తుంది, ఎందుకంటే అంత ఎక్కువసార్లు ముద్ర వెయ్యాలి కాబట్టి. ఎడిటర్ కింద ఇన్‌స్టెంట్ ప్రివ్యూ ఉంటే టిక్ పెట్టండి, కొంత నయం.

మార్చిన సెట్టింగ్ నిలవట్లేదు, లేదా వద్దన్నా వదలట్లేదు

ఎక్కువమంది విసిగిపోయేది ఇక్కడే. బ్రష్ ఎడిటర్‌లో ప్రీసెట్ మార్పుల్ని తాత్కాలికంగా దాచే టిక్ ఒకటుంది. అది లేకపోతే వేరే బ్రష్‌కి వెళ్ళి వచ్చేసరికి మీరు చేసిన మార్పులన్నీ పోతాయి. అది ఉంటే మార్పులు ఆ బ్రష్‌కి అంటుకునే ఉంటాయి, అప్పుడు రీలోడ్ బటన్ నొక్కితే అసలు రూపానికొస్తుంది. ఏ బ్రష్ పట్టుకున్నా ఒకే టెక్స్‌చర్ (గీతలో కనపడే గరుకుదనం) వస్తోంది అంటే మాత్రం కారణం వేరు, ఎడిటర్‌లో ఆ టెక్స్‌చర్ పక్కన తాళం గుర్తు పడి ఉంటుంది, తాళం వేసిన సెట్టింగ్ అన్ని ప్రీసెట్లకీ అంటుకుంటుంది, తాళం తీసేయండి.

నా గట్టి అభిప్రాయం ఏంటంటే, క్రిటాతో వచ్చిన బ్రష్ మీద ఎప్పుడూ ఓవర్‌రైట్ చెయ్యకండి. నచ్చేలా మార్చుకున్నాక కొత్త ప్రీసెట్‌గా సేవ్ చేసి మీ పేరో ఒక అంకో ముందు పెట్టుకోండి. వచ్చిన బ్రష్‌ల పేర్లు గమనించారా, ఎ (A) అక్షరంతో ఎరేజర్లు, బి తో బేసిక్, సి తో పెన్సిళ్ళు, డి తో ఇంక్ మొదలవుతాయి, జాబితాలో ఒకరకంవన్నీ ఒకచోట పడేది అందుకే. మనమూ అదే పాటిస్తే వెతుక్కునే బాధ ఉండదు.

బ్రష్‌లు మాయమైపోయాయి

కంగారు పడకండి. బ్రష్ డాకర్ (బ్రష్‌ల జాబితా ఉండే ప్యానెల్) పైన ట్యాగ్ (బ్రష్‌ల గుంపు పేరు) ఏముందో చూడండి, ఇంక్ అని ఉంటే పెన్సిల్ కనపడదు, ఆల్ పెట్టండి. సెర్చ్‌లో దొరకట్లేదంటే పక్కన ఫిల్టర్ ఇన్ ట్యాగ్ అనే టిక్ ఉంది, అది ఉన్నంతసేపూ ఆ ట్యాగ్‌లోనే వెతుకుతుంది. ఒక ప్యాక్ మొత్తం పోయిందంటే సెట్టింగ్స్‌లో మేనేజ్ రిసోర్స్ లైబ్రరీస్ తెరిచి ఆ బండిల్ (బ్రష్‌లన్నీ కలిపి కట్టిన ఫైల్) ఆపేసి ఉందేమో చూడండి. డిలీట్ చేసేశాను అనుకుంటే మేనేజ్ రిసోర్సెస్‌లో డిలీట్ అయినవి చూపించే టిక్ పెట్టండి, క్రిటా వాటిని దాచిపెడుతుందే తప్ప చెరిపేయదు, వెనక్కి తెచ్చుకోవచ్చు.

బ్రష్‌లు మరీ ఎక్కువైపోయి ఏదీ దొరకట్లేదు

వందల బ్రష్‌లున్న ప్యాక్‌లు డౌన్‌లోడ్ చేయడం మానేస్తేనే మంచిది. స్కెచ్, ఇంకింగ్, రంగు నింపడం, ఫినిషింగ్ ఇలా పని పేరుతో ట్యాగ్‌లు చేసుకుని, ప్రీసెట్ మీద రైట్ క్లిక్ చేసి ఒక్కోదాంట్లో నాలుగైదు మాత్రమే వేసుకోండి. కాన్వాస్ మీద రైట్ క్లిక్ చేస్తే వచ్చే గుండ్రటి పాలెట్‌లో కూడా ఎంచుకున్న ట్యాగ్ బ్రష్‌లే వస్తాయి కాబట్టి డాకర్ వైపు చూడాల్సిన అవసరమే రాదు. రెండు బ్రష్‌ల మధ్య అటూ ఇటూ మారాలంటే స్లాష్ కీ చాలు.

ఫోటోషాప్ బ్రష్‌లు తెస్తే వేరేలా ఉన్నాయి

ఏబీఆర్ (ఫోటోషాప్ బ్రష్‌ల ఫైల్) నుంచి క్రిటా తీసుకునేది టిప్ (బ్రష్ మొన) ఆకారాలు మాత్రమే, ప్రెషర్, స్కాటర్ (ముద్రలు చెదిరి పడటం) లాంటివేవీ రావు. ఆ టిప్ పెట్టుకుని మిగతాదంతా మనమే తయారుచేసుకోవాలి, దీనికి అడ్డదారి లేదు.

కొత్త కంప్యూటర్‌లో బ్రష్ గరుకుదనం పోయింది

ప్రీసెట్ వచ్చి, అది వాడే టెక్స్‌చర్ రాకపోయి ఉండొచ్చు. పాత కంప్యూటర్‌లో మేనేజ్ రిసోర్స్ లైబ్రరీస్‌లోకి వెళ్ళి బండిల్ తయారుచేయండి, ప్రీసెట్లతో పాటు వాటి టిప్‌లు, ప్యాటర్న్‌లు (టెక్స్‌చర్‌కి వాడే బొమ్మలు) కూడా ఎంచుకోండి, ఆ ఒక్క ఫైల్‌ని కొత్త కంప్యూటర్‌లో అదే మెనూ నుంచి ఇంపోర్ట్ చేస్తే సరిపోతుంది.