సంస్థ లింకులు ఒకే చోట – మూడో పాఠం: ట్యాగులు ముందే కుదుర్చుకోండి

పోయిన పాఠంలో, లింకులు దాచుకునే రెయిన్‌డ్రాప్ అనే వెబ్‌సైట్‌లో సంస్థ పేరున ఖాతా తెరిచాం. సంస్థ మెయిలుతోనే తెరవమని ఎందుకు పట్టుబట్టానో చెబుతాను. నేను పనిచేసిన ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో లెక్కలు చూసే అమ్మాయి పెళ్లయి వేరే ఊరు వెళ్లిపోయింది. నాలుగేళ్లుగా తను దాచిన లింకులన్నీ తన సొంత ల్యాప్‌టాప్‌ బ్రౌజర్‌లోనే ఉండిపోయాయి. తప్పు తనది కాదు. దాచుకోవడానికి ఉమ్మడి చోటు మేమే చూపించలేదు.

ఇక ట్యాగులు. ఫోల్డరు బీరువాలో అర లాంటిది. ఒక కాగితాన్ని ఒక్క అరలోనే పెట్టగలం. ట్యాగు కాగితానికి కట్టే చీటీ. ఎన్ని కావాలంటే అన్ని కట్టుకోవచ్చు.

లింకులకు ట్యాగులు కట్టే ఈ అలవాటును జనంలోకి తెచ్చింది 2003లో జాషువా షాక్టర్ మొదలుపెట్టిన డెలిషస్ అనే వెబ్‌సైట్. కొద్దికాలానికే అమెరికాలో లాభాపేక్ష లేని సంస్థల్లో కంప్యూటర్ పనులు చూసే కొందరు, పనికొచ్చే లింకు దొరికినప్పుడల్లా ‘ఎన్‌పీటెక్’ (నాన్‌ప్రాఫిట్ టెక్నాలజీకి పొట్టి పేరు) అని ఒకే ట్యాగు తగిలించడం మొదలుపెట్టారు. వాళ్లలో చాలామందికి ముఖపరిచయం కూడా లేదు. అయినా ఆ ఒక్క మాట నొక్కితే అందరూ పోగేసినవీ ఎదురుగా వచ్చేవి. నాకు ఇప్పటికీ ఎంతో ఇష్టమైన సంగతి ఇది. వాళ్లకు పెద్ద సాఫ్ట్‌వేర్ అక్కర్లేకపోయింది, ఒక మాట మీద నిలబడ్డారు, అంతే.

మనం ఆ మాట మీద నిలబడటం తెలుగులో ఇంకొంచెం కష్టం. ఒకరు ‘విరాళం’ అని కొడతారు, ఇంకొకరు ‘విరాళాలు’ అంటారు. కంపెనీలు సామాజిక సేవకు ఇచ్చే నిధులను ‘సీఎస్ఆర్’ అని రాసినా, ‘సిఎస్ఆర్’ అని రాసినా మన కంటికి ఒకటే, కంప్యూటర్‌కు రెండు వేర్వేరు మాటలు. అందుకే నేను పెట్టుకున్న నియమం: ట్యాగు ఎప్పుడూ ఏకవచనం, ఒకే పదం, వీలైనంత వరకు ఒత్తులు లేనిది. విరాళం, జీతం, ఆడిట్, విదేశీనిధి, శిక్షణ. పాతిక దాటనివ్వకండి. ఆ జాబితాను ప్రింటు తీసి ఆఫీసు గోడకు అంటించండి.

ఒక లింకు చేసి చూద్దాం. విదేశీ నిధులు తీసుకునే సంస్థలు ఏటా ఎఫ్‌సీ-4 రిటర్ను వేయాలి. ఆర్థిక సంవత్సరం ముగిసిన తొమ్మిది నెలల్లోగా, అంటే డిసెంబరు 31లోగా. ఆ పేజీని దాచేటప్పుడు శీర్షికను వచ్చినట్టే వదిలేయకండి, ‘ఎఫ్‌సీ-4 రిటర్ను ఇక్కడ వేయాలి’ అని మార్చండి. ట్యాగులు: విదేశీనిధి, ఆడిట్, డిసెంబరు. నెల పేరు తప్పక పెట్టండి. డిసెంబరు ఒకటో తారీఖున ఆ ట్యాగు నొక్కితే ఆ నెలలో గడువున్న పనులన్నీ వరసగా కనబడతాయి. కింద నోట్ పెట్టే చోట, మీరు ఆ పేజీ చూసిన తేదీ రాయండి. ఇది చాదస్తం కాదు. 2025 ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చేలా చేశారు. దాతల రసీదుల గురించి పాత చట్టం కింద రాసిన పేజీలు ఇంకా నెట్‌లో తిరుగుతూనే ఉంటాయి. తేదీ లేని లింకును నమ్మి ఫారం నింపితే ఇబ్బంది పడేది దాత.

ఇంకొకటి. డెలిషస్ 2005లో యాహూ చేతికి వెళ్లి, చేతులు మారి మారి, 2017లో పిన్‌బోర్డ్ అనే అలాంటి ఇంకో వెబ్‌సైట్ కొనేశాక కొత్త లింకులు తీసుకోవడం ఆపేసింది. లింకులు దాచుకునే మరో సేవ పాకెట్ 2025 జులైలో మూతపడింది. కాబట్టి నెలకోసారి రెయిన్‌డ్రాప్‌లోని లింకులన్నీ ఎక్స్‌పోర్ట్ చేసి, హెచ్‌టీఎంఎల్ ఫైలు దించుకుని సంస్థ డ్రైవ్‌లో పెట్టండి. అది ఏ బ్రౌజర్‌లోనైనా తెరుచుకుంటుంది.

ఈ వారం అభ్యాసం: ఒకే పది లింకులను ఆఫీసులో ఇద్దరు ఒకరిది ఒకరు చూడకుండా ట్యాగు చేయండి. తర్వాత పక్కపక్కన పెట్టుకుని, తేడా వచ్చిన ప్రతి మాట దగ్గరా ఆగి, ఏది ఉంచాలో తేల్చుకోండి. ఆ కాగితం దగ్గర పెట్టుకోండి, నాలుగో పాఠంలో పని ఉంది. పేజీ మాయమైపోక ముందే వెబ్ పేజీల పాత నకళ్లు దాచే వేబ్యాక్ మెషీన్‌లో దాని నకలు దాచడం అప్పుడు చూద్దాం.