ఎండలు ముదరకముందే గరుకు మచ్చను పరీక్ష చేయించుకోండి

గత నెలలో మా చర్మవ్యాధుల ఓపీకి ముప్పై నాలుగేళ్ల వ్యక్తి ఒకరు వచ్చారు. పుట్టుకతోనే ఆల్బినిజం, అంటే చర్మానికి రంగునిచ్చే మెలనిన్ లేకపోవడమో బాగా తక్కువగా ఉండడమో, ఉన్న మనిషి. మిరప కోతలకు, వేసవిలో ఉపాధి హామీ పనులకు వెళ్తారు. ఎడమ చెవి పై అంచున పెసరగింజంత గరుకు పెచ్చు లేస్తే, మందుల షాపులో ఇచ్చిన ట్యూబు రాశారు. ఎరుపు తగ్గింది. మానేస్తే మళ్లీ లేచింది, మళ్లీ రాశారు, అలా ఇరవై నెలలు గడిచాయి. ఆయన సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టిన ట్యూబు అడుగు నుంచి మూత దాకా చుట్టి నొక్కి ఉంది. అప్పటికే చెవి అంచు గట్టిపడి మధ్యలో పుండు పడింది. చిన్న చర్మం ముక్క తీసి చేసే ముక్క పరీక్షలో (బయాప్సీ) స్క్వామస్ సెల్ కార్సినోమా అనే చర్మ క్యాన్సర్ అని తేలడంతో చెవి పైభాగం తీసేయవలసి వచ్చింది. మొదట్లోనే వచ్చి ఉంటే ద్రవ నైట్రోజన్‌తో గడ్డకట్టించి కొన్ని సెకన్లలో అయిపోయే పని అది.

అందుకే గొడుగు, టోపీ, మజ్జిగ గురించి ఇక్కడ మళ్లీ రాయను. ఎండలో తిరగవద్దనడం కూలికి వెళ్లేవారికి పనికొచ్చే సలహా కాదు. ముక్క పరీక్ష కాకముందు ట్యూబు రాయవద్దు అన్న ఒక్క మాట కోసమే ఇదంతా రాస్తున్నాను.

ఎవరు చూసుకోవాలి

మన చామనచాయ చర్మంలోని మెలనిన్ చాలావరకు కాపాడుతుంది కాబట్టి ఏళ్ల తరబడి ఎండ వల్ల వచ్చే, యాక్టినిక్ కెరటోసిస్ అనే ఈ గరుకు మచ్చలు మనలో అరుదు. అరుదు కాబట్టే ఎవరికీ అనుమానం రాదు. ఆల్బినిజం ఉన్నవారికి మాత్రం ఇవి ఇరవైలు, ముప్పైల వయసులోనే రావచ్చు. కిడ్నీ వంటి అవయవాలు మార్పిడి చేయించుకుని రోగనిరోధక శక్తిని అణిచే మందులు వాడుతున్నవారు, బొల్లికో సోరియాసిస్‌కో ఏళ్ల తరబడి సోరాలెన్ మాత్రలతో కాంతి చికిత్స తీసుకున్నవారు కూడా జాగ్రత్తపడాలి. దశాబ్దాలుగా పొలంలో, సముద్రం మీద పనిచేసేవారు తమ కింది పెదవిని చూసుకోవాలి. పెదవి ఆరిపోయి, పొరలు లేస్తూ, పెదవికీ చర్మానికీ మధ్య గీత చెరిగిపోతుంటే అది వట్టి పగులు కాదు. నెయ్యి, వెన్న రాస్తూ నెలలు గడపవద్దు, ఎందుకంటే పెదవి మీద వచ్చే క్యాన్సర్ మెడ గ్రంథులకు పాకే అవకాశం ఎక్కువ.

ఎలా గుర్తించాలి

ఈ మచ్చ కంటికన్నా ముందు వేలికి దొరుకుతుంది. ముఖం, చెవి అంచులు, బట్టతల, మెడ వెనుక, ముంజేతుల మీద వేలికొనతో నెమ్మదిగా తడిమితే ఒకచోట ఉప్పు కాగితంలా గరుకు తగులుతుంది. రంగు ఎర్రగానో గోధుమగానో చర్మం రంగులోనో ఉండవచ్చు. గోరుతో గీకితే పెచ్చు ఊడి, కొన్నాళ్లకు అక్కడే మళ్లీ కడుతుంది. అతినీలలోహిత కిరణాలు పైపొర కణాల డీఎన్‌ఏను దెబ్బతీసి, తప్పు విభజనను ఆపవలసిన పి53 జన్యువును పాడుచేయడమే దీనికి మూలం. ఒక్కో మచ్చ ఏడాదిలో క్యాన్సర్‌గా మారే అవకాశం సాధారణంగా నూటికి ఒకటికన్నా తక్కువే. అయితే ఏది మారుతుందో ముందుగా చెప్పలేం.

షాపు ట్యూబుల్లో చాలావాటిలో స్టెరాయిడ్, తామర మందు, యాంటీబయోటిక్ కలిపి ఉంటాయి. స్టెరాయిడ్ ఎరుపును, దురదను అణిచి, చూసేవారికి తగ్గినట్టు కనిపింపజేస్తుంది. అడుగున చెడిన కణాలు అలాగే పెరుగుతూ ఉంటాయి. తగ్గినట్టు కనిపించడమే ఇక్కడ ప్రమాదం. ముక్క పరీక్ష కాకముందు ట్యూబు రాయకండి.

మచ్చ గట్టిపడినా, నొప్పి పెట్టినా, రక్తం కారినా, పుండు పడినా, సెంటీమీటరు దాటినా, వారాల్లోనే పెరిగినా ఆ వారంలోనే చూపించుకోండి.

సున్నం పెట్టకండి. జీడి పెట్టకండి. యాసిడ్ పెట్టకండి.

అనుమానంగా ఉన్న మచ్చను పరీక్షకు పంపకుండా కాల్చేస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి; కాలిపోయిన ముక్కలో క్యాన్సర్ ఉందో లేదో, ఉంటే ఎంత లోతుకు వెళ్లిందో తెలియదు.

మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌తో గడ్డకట్టించాక పొక్కు వస్తుంది, చిదమకండి. చామనచాయ చర్మం మీద తెల్లమచ్చ మిగలవచ్చని ముందే తెలుసుకోండి.

మచ్చలు ఎక్కువగా ఉంటే డాక్టరు 5 శాతం ఫ్లోరోయూరాసిల్ క్రీము, సాధారణంగా రోజుకు రెండుసార్లు చొప్పున 2 నుంచి 4 వారాలు రాయమంటారు. అది రాసిన చోట ఎర్రబడి, మండి, చెక్కు కడుతుంది. చెడిన కణాలు చస్తున్నాయని దాని అర్థం. పడలేదనుకుని మధ్యలో మానేసి పాత ట్యూబు మొదలుపెట్టవద్దు, భరించలేకపోతే డాక్టరును అడగండి.

గర్భిణులు ఆ క్రీమును ముట్టుకోకూడదు. రాశాక చేతులు కడగండి. ఇంట్లో కుక్క, పిల్లి నాకితే వాటి ప్రాణం పోవచ్చు.

ఆల్బినిజం ఉన్న పిల్లలకు ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్‌ను చెవులకు, మెడ వెనుకకు కూడా రాసి, బయట ఉన్నంతసేపూ రెండు గంటలకోసారి మళ్లీ రాయండి. మబ్బు పట్టినా రాయండి.

నయమయ్యాక కూడా తడిమి చూసుకోవడం మానకండి, ఎందుకంటే చుట్టూ ఉన్న చర్మమంతా అదే ఎండ తిన్నది.

ముక్క పరీక్ష కాకముందు ట్యూబు రాయకండి. ఇప్పటికే రాస్తుంటే ఈ రోజే ఆపి, ఖాళీదైనా సరే, దాన్ని వెంట తీసుకురండి. అందులో ఏముందో, ఎన్ని నెలలు రాశారో తెలిస్తేనే అణిగి కనిపిస్తున్న మచ్చను ఎంత అనుమానించాలో, ముక్క ఎక్కడినుంచి తీయాలో డాక్టరు నిర్ణయించగలరు.